350 స్కేల్ కురుసుర: వాటర్‌లైన్ మాస్కింగ్ గురించి సలహాలు కావాలి

భీమిలి_బోట్స్:
అందరికీ నమస్కారం. వైజాగ్ ఆర్కే బీచ్‌లో ఉన్న మన కురుసుర సబ్‌మెరైన్ ప్లాస్టిక్ మోడల్‌ని 350 స్కేల్‌లో, అంటే అసలుదానిలో 350వ వంతుగా, కడుతున్నాను. అసలు నౌక పొడవు 91.3 మీటర్లు, ఈ స్కేల్‌కి 26 సెంటీమీటర్లు వస్తుంది. అతుకులు పూడ్చడం, సాండింగ్ అయిపోయాయి, ప్రైమర్ వేయాలి. కింద ఎరుపు, పైన నలుపు వేద్దామని ప్లాన్. రెండిటి మధ్య గీత, అదే వాటర్‌లైన్, ముక్కు నుంచి తోక దాకా వంకర లేకుండా రావాలి, నాకు ఈ మోడల్‌లో అన్నిటికంటే ముఖ్యమైంది అదే. అందుకే మాస్కింగ్‌కి (ఒక రంగుని టేప్‌తో మూసి రెండోది వేయడానికి) టేప్ ముట్టుకోకముందే అడుగుతున్నాను.

ఏ రంగు ముందు వేయాలి? తోక దగ్గర బాడీ సన్నబడుతూ లోపలికి వంగుతుంది కదా, అక్కడ టేప్ తన దారిన తాను పోకుండా ఎలా అంటించాలి? ఇంకోటి, ఇది జులై, మా ఇల్లు సముద్రానికి బాగా దగ్గర, బట్టలే ఆరడం లేదు. పెయింట్ ఎంతసేపు ఆరనిచ్చి టేప్ వేయాలి?

ఎయిర్‌బ్రష్ (గాలితో రంగు చిమ్మే చిన్న గన్), చిన్న కంప్రెసర్ ఉన్నాయి. పెయింట్లు ఎక్కువగా తమియా అక్రిలిక్, కొన్ని మిస్టర్ కలర్ ల్యాకర్లు (ఘాటు థిన్నర్‌తో త్వరగా ఆరే రంగులు).

ఎన్ఏడీ_ఎయిర్‌బ్రష్:
బాగుంది తమ్ముడూ, టేప్ ముట్టకముందే అడగడం మంచిది. ఎందుకంటే మాస్కింగ్‌లో సగం పని టేప్ వేయకముందే అయిపోతుంది.

ఎరుపే ముందు. లేత రంగు ముందు, ముదురు తర్వాత అని అందరూ చెప్తారు, అది నిజమే, నలుపు మీద ఎరుపు కప్పాలంటే పొర మీద పొర వేయాల్సి వస్తుంది, చివరికి గీత దగ్గర గట్టు కడుతుంది. కానీ నేను దానికంటే ముందు చూసేది ఇంకోటి ఉంది: ఏ వైపు నున్నగా ఉంది అని. టేప్ ఎప్పుడూ నున్నటి వైపు పడాలి. కురుసుర పైభాగమంతా చిన్న చిన్న కన్నాలు, రెయిలింగులు, సెయిల్ (పైన నిలబడే గోపురం), హాచ్‌లు (దిగే మూతలు). కింద భాగం నున్నటి బాడీ. ఎరుపు ముందు వేస్తే టేప్ కింది నున్నటి భాగం మీద పడుతుంది, నలుపుని పైనున్న గందరగోళం మీద హాయిగా కొట్టుకోవచ్చు. ఈ నౌకకి రెండు సూత్రాలూ ఒకే జవాబు చెప్తున్నాయి కాబట్టి నీకు ఇబ్బంది లేదు.

ఆరడం సంగతి. ల్యాకర్ అయితే మామూలు రోజుల్లో ఒక పూట చాలు. తమియా అక్రిలిక్‌ని ల్యాకర్ థిన్నర్‌తో పలచన చేసి కొడితే ప్లాస్టిక్‌ని బాగా పట్టుకుంటుంది, దానికి ఒక రోజు ఇవ్వు. ఎనామెల్ అయితే మూడు నాలుగు రోజులు. ఇప్పుడు భీమిలిలో ఉన్నావు, పైగా వానాకాలం, అన్నిటినీ రెట్టింపు చేసుకో. వేలితో తాకి చూసి ఆరింది అనుకోకు. ముక్కు దగ్గర పెట్టుకుని చూడు, వాసన ఇంకా వస్తుంటే లోపల ఇంకా ఆరలేదు.

కంచరపాలెం_కుర్రాడు:
అన్నా మధ్యలో వస్తున్నా, సారీ. మా కాలేజీ క్లబ్‌లో ఒక ట్యాంక్ మోడల్ మీద టేప్ తీస్తే ఏటి, ప్రైమర్‌తో సహా మొత్తం లేచి వచ్చేసింది, కింద ఉట్టి ప్లాస్టిక్ కనపడతాంది. రెండు రోజులు ఆరబెట్టారు. అది కూడా తేమ వల్లేనా? టేప్ హార్డ్‌వేర్ షాపుదే.

ఎన్ఏడీ_ఎయిర్‌బ్రష్:
ఉట్టి ప్లాస్టిక్ కనపడిందంటే తేమ ఒక్కటే కాదు. రంగు ప్రైమర్ మీద నుంచి లేస్తే రంగు సంగతి చూడాలి, ప్రైమరే ప్లాస్టిక్ నుంచి లేస్తే ప్లాస్టిక్ సంగతి చూడాలి. కిట్ అచ్చులోంచి సులువుగా ఊడి రావడానికి ఫ్యాక్టరీలో జిడ్డు లాంటిది వాడతారు, అది భాగాల మీద కొంత మిగిలిపోతుంది. దానికి తోడు మన వేళ్ల చెమట, వైజాగ్‌లో చెమట సంగతి చెప్పక్కర్లేదు. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు గోరువెచ్చటి నీళ్లలో వేసి పాత టూత్‌బ్రష్‌తో కడిగి, ఆరబెట్టి, ఆ తర్వాత వేళ్లు పడకుండా పట్టుకోవాలి. ప్రైమర్ కూడా నీళ్ల ఆధారంగా ఉండే అక్రిలిక్ అయితే ప్లాస్టిక్‌ని కొరకదు, పైన ఒక పొరలా కూర్చుంటుంది. మిస్టర్ సర్ఫేసర్ లాంటి ల్యాకర్ ప్రైమర్ ప్లాస్టిక్ పైపొరని కొంచెం మెత్తబరిచి పట్టుకుంటుంది, మాస్కింగ్ ఎక్కువ ఉన్న పనికి నేను అదే వాడతాను. వాసన ఘాటుగా ఉంటుంది, కిటికీ తెరిచి, మాస్క్ పెట్టుకుని కొట్టండి.

ఇక హార్డ్‌వేర్ షాపు టేప్. గోడలకి, బళ్లకి వేసే ఆ ముడతల టేప్ మందంగా ఉంటుంది, జిగురు బలంగా ఉంటుంది. దూరంగా ఉన్న భాగాలు కప్పడానికి వాడుకోండి, గీత దగ్గర మాత్రం వద్దు. గీతకి జపాన్ వాళ్ల పలచటి వాషీ కాగితం టేపే కావాలి, తమియాది 6, 10, 18 మిల్లీమీటర్ల వెడల్పుల్లో సులువుగా దొరుకుతుంది. ఖరీదెక్కువే, అందుకే నేను గీత పక్కన సన్నటి పట్టీ మాత్రం దాంతో వేసి, మిగతాదంతా మామూలు టేపు, తెల్ల కాగితంతో మూసేస్తాను. న్యూస్‌పేపర్ వద్దు, థిన్నర్ తగిలితే సిరా వదులుతుంది.

యార్డ్_మాస్టారు:
భీమిలి బాబూ, వాటర్‌లైన్ అన్నావు కాబట్టి రాస్తున్నాను. నేను షిప్‌యార్డ్‌లో పెయింట్ పనుల దగ్గరే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. నువ్వు అడిగిన రెండో ప్రశ్న టేపుది కాదు, లెవెల్‌ది.

ఓడ మీద వాటర్‌లైన్ అంటే బాడీ ఆకారాన్ని అనుసరించే గీత కాదు. నీళ్లు ఎక్కడ తాకుతాయో అక్కడ పడే గీత. పక్క నుంచి చూస్తే అడ్డంగా, తిన్నగా ఉంటుంది. కానీ బాడీ వంగినచోట దాన్నే ఉపరితలం మీద చూస్తే వంపు తిరుగుతుంది. టేప్‌కి ఆ సంగతి తెలియదు. టేపుని సాగదీయకుండా వదిలేస్తే వంపు ఉపరితలం మీద తనకు దగ్గర దారి చూసుకుని పోతుంది, కాబట్టి ముక్కు దగ్గరా తోక దగ్గరా పైకో కిందికో జారుతుంది. చూపుకి తిన్నగా అంటించినట్టే ఉంటుంది, తీశాక చూస్తే ఓడ తోక ఎత్తినట్టు కనపడుతుంది. అందుకని ముందు గీత గియ్యాలి, తర్వాత టేపుని ఆ గీత దగ్గరికి తీసుకురావాలి. టేపుతో గీత వెతకకూడదు.

యార్డులో పెద్ద బాడీ మీద నీళ్ల పైపు లెవెల్‌తో చుక్కలు పెట్టి, చుక్కలు కలిపేవాళ్లం. ఇళ్లు కట్టే మేస్త్రీలు వాడేది కూడా అదే పైపు. ఆ గీతని చాలా ఓడల మీద వెల్డింగ్ పూసతోనో, పంచ్ గుంటలతోనో శాశ్వతంగా ఉంచేస్తారు, డ్రై డాక్‌కి (నీళ్లు తోడేసి ఓడని బాగుచేసే రేవుకి) వచ్చినప్పుడల్లా మళ్లీ కొలవక్కర్లేకుండా పెయింటర్ దాని వెంట పోతాడు. నువ్వు ఇంట్లో చేయగలిగేది ఇది: వంటింటి గ్రానైట్ గట్టు చదునుగా ఉంటుంది. దాని మీద మోడల్‌ని కదలకుండా నిలబెట్టు, ముక్కూ తోకా ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో, పక్కకి ఒరిగి లేదో చూసుకో. ఒక 2హెచ్ పెన్సిల్‌ని టైల్ ముక్కల దొంతర మీద పడుకోబెట్టి టేప్‌తో బిగించు, మొన సరిగ్గా వాటర్‌లైన్ ఎత్తుకి రావాలి. ఇప్పుడు మోడల్‌ని కదపకుండా ఆ దొంతరని గట్టు మీద జరుపుతూ చుట్టూ తిరిగి రా. తేలిగ్గా ఆనించు, నొక్కకు. ఎరుపు వేసి ఆరాక ఈ పని చేస్తే పైన నలుపు పడ్డాక పెన్సిల్ గీత దాని కింద పోతుంది.

భీమిలి_బోట్స్:
మాస్టారూ, చాలా థాంక్స్. నేను ఇంటర్నెట్‌లో చూసినవన్నీ ఏ టేప్ మంచిది అనే చెప్తున్నాయి, గీత ముందు అని ఎవరూ చెప్పలేదు. ఒక చిన్న డౌట్. గీత గీశాక తోక దగ్గర వంపులో టేప్‌ని దాని వెంట తిప్పాలంటే 6 మిల్లీమీటర్లది తిరుగుతుందా? ఒక అంచు ముడతలు పడుతుందేమో.

మాధవధార_మినియేచర్స్:
తిరగదు. వెడల్పు టేప్ వంపు తిరగాలంటే లోపలి అంచు ముడత పడాల్సిందే, ఆ ముడత కిందకే రంగు దూరుతుంది. ఆరు మిల్లీమీటర్ల టేపుని గాజు మీద అంటించి స్టీల్ స్కేలుతో ఒక మిల్లీమీటరు పట్టీలుగా కోసుకోండి. పాత ఫోన్ టెంపర్డ్ గ్లాస్ ఉన్నా చాలు. అంత సన్నగా ఉంటే కాగితం టేపు కూడా చక్కగా వంగుతుంది. వంపులకోసం ప్రత్యేకంగా సాగే టేపులు తమియా వాళ్లవి ఉన్నాయి, అవీ మంచివే, కానీ సాగదీసి అంటిస్తే రాత్రికి రాత్రి వెనక్కి లాక్కుంటాయి, సాగదీయకుండా వంచాలి.

కోయడానికి ఇంకో కారణం కూడా ఉంది. రోల్ అంచు ఎప్పుడూ శుభ్రంగా ఉండదు. డ్రాయర్‌లో దొర్లి దొర్లి దుమ్ము, పీచు అంటుకుని ఉంటుంది, భూతద్దంలో చూస్తే అంచు రంపంలా కనపడుతుంది. ఫ్యాక్టరీ అంచుని నేరుగా గీత మీద పెట్టకండి, కొత్తగా కోసిన అంచు పెట్టండి. బ్లేడు కొత్తదై ఉండాలి. మెడికల్ షాపులో 11 నంబరు సర్జికల్ బ్లేడ్ అడగండి, చాలా తక్కువకి వస్తుంది, హాబీ కత్తులకంటే పదును. టేప్ రోల్‌ని జిప్ కవర్‌లో పెట్టుకోండి.

నేను ఎయిర్‌బ్రష్ వాడను, అంతా చేతి బ్రష్షే, కాబట్టి బ్రష్ వాళ్ల తరఫున ఒక మాట. టేప్ అంచు మీదికి బ్రష్ తోయకూడదు. టేప్ మీద మొదలుపెట్టి బయటికి లాగాలి. అంచులోకి తోస్తే ఎంత మంచి టేపైనా కింద రంగు దూరుతుంది.

ఎన్ఏడీ_ఎయిర్‌బ్రష్:
మాధవధార మేడం చెప్పింది ఎయిర్‌బ్రష్‌కి కూడా వర్తిస్తుంది. టేప్ వైపు నుంచి బయటికి కొట్టాలి, టేప్ కిందకి గాలి పోయేలా ఎదురు కొట్టకూడదు. ప్రెజర్ 15 పీఎస్ఐ దగ్గర ఉంచు. మొదటి పొరలు పొడిగా, మంచు పడ్డంత పలచగా వేయి.

అసలైన కిటుకు ఇది, దీన్ని మాత్రం వదిలిపెట్టొద్దు: టేప్ వేసి అంచుని టూత్‌పిక్ చివరతో రుద్ది అదిమాక, వెంటనే నలుపు కొట్టకు. ముందు అదే ఎరుపుని ఆ అంచు మీద మళ్లీ పలచగా కొట్టు. టేప్ కింద ఎక్కడైనా సందు ఉంటే దాంట్లోకి ఎరుపే పోతుంది, ఎరుపు మీద ఎరుపు కాబట్టి కనపడదు, సందు మాత్రం మూసుకుపోతుంది. ఆరాక నలుపు కొడితే దానికి దూరే చోటే ఉండదు. క్లియర్ వార్నిష్‌తో కూడా ఇదే పని చేయొచ్చు, కానీ పొర మందం పెరుగుతుంది కాబట్టి కింది రంగుతో చేయడమే నాకు నచ్చుతుంది. బాడీ మీద ప్యానెల్ గాడి గీతకి అడ్డంగా వచ్చేచోట్ల టేప్ గాడి మీద వంతెనలా నిలబడిపోతుంది, కురుసుర పక్కన కన్నాల వరస ఉన్నచోట మరీను, అక్కడ ఈ పద్ధతి తప్ప ఇంకోటి పనిచేయదు.

హైదరాబాద్_హ్యాంగర్:
ఇంత కష్టం ఎందుకండీ? లిక్విడ్ మాస్క్ (పూస్తే రబ్బరు పొరలా ఆరే ద్రవం) పూసేస్తే అయిపోతుంది. మాస్కోల్, మిస్టర్ మాస్కింగ్ సోల్ ఉన్నాయి. ఎంత వంపు ఉన్నా పట్టుకుంటుంది, ముడతలు ఉండవు. రెండు రోజులు మూడు రోజులు ఆరబెట్టడం కూడా నాకు అర్థం కాలేదు, మాకు ఇక్కడ మధ్యాహ్నం కొడితే సాయంత్రానికి టేప్ వేసుకుంటాం.

మాధవధార_మినియేచర్స్:
అండీ, మీ ఊళ్లో సాయంత్రానికి ఆరొచ్చు, జులైలో మా ఊళ్లో ఆరదు. నీళ్ల ఆధారపు పెయింట్‌లో నీరు గాలిలోకి పోవాలి కదా, గాలే నీళ్లతో నిండి ఉంటే ఎక్కడికి పోతుంది.

లిక్విడ్ మాస్క్ మీద నాకు నమ్మకం ఉంది కానీ గీతలకి కాదు. ద్రవం ఎక్కడ ఆగాలో మన బ్రష్ చెయ్యే నిర్ణయిస్తుంది, చెయ్యి అంత తిన్నగా పోగలిగితే రంగే నేరుగా వేసుకోవచ్చు. నేను వాడేది సందుల్లో: టేప్ పట్టీల మధ్య మిగిలిన మూలలు, చక్రాల గూళ్లు, గుండ్రటి లైట్లు. గీత టేప్‌తో, గీత వెనక ఖాళీ లిక్విడ్‌తో. చాలావాటిలో లేటెక్స్, అమ్మోనియా ఉంటాయి, బ్రష్ ఒక్క పూటకి రబ్బరు ముద్ద అయిపోతుంది, ముంచే ముందు బ్రష్‌ని గిన్నెల లిక్విడ్‌లో తడిపి తుడిస్తే కొంత నయం. పాత బ్రష్ దానికే కేటాయించండి. మెత్తటి అక్రిలిక్ రంగు మీద ఎక్కువసేపు ఉంచకండి, తీసేటప్పుడు రంగుని పట్టుకుని వస్తుంది.

హైదరాబాద్_హ్యాంగర్:
గీత టేప్‌తో, వెనక లిక్విడ్‌తో అన్నది ఒప్పుకుంటాను, నేను కూడా పెద్ద విమానాలకి అలానే చేస్తాను. ఆరే టైమ్ గురించి మాత్రం, మీరు ఏసీ గదిలో ఆరబెట్టొచ్చు కదా? ఏసీ గాలిలో తేమ లాగేస్తుంది.

ఎన్ఏడీ_ఎయిర్‌బ్రష్:
అవును, ఏసీ గది ఉంటే అదే అన్నిటికంటే మంచి ఆరుగది. లేనివాళ్లు మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ సంచులు పెట్టి మోడల్‌ని అందులో ఉంచండి, కాకపోతే కొట్టిన వెంటనే మూత పెట్టకండి, థిన్నర్ వాసన పోయేదాకా బయట ఉంచి తర్వాత పెట్టండి. హెయిర్ డ్రయ్యర్ వేడి గాలి జోలికి పోవద్దు, సన్నటి ప్లాస్టిక్ వంగిపోతుంది.

వాన పడే రోజు ల్యాకర్ కొట్టకండి. థిన్నర్ గబగబా ఆవిరవుతూ ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, గాలిలో తేమ దాని మీద చుక్కలుగా పేరుకుని రంగు తెల్లగా పాలిపోతుంది. నలుపు మీద మరీ స్పష్టంగా కనపడుతుంది. కంప్రెసర్‌కి మాయిశ్చర్ ట్రాప్ (గాలిలో తేమని పట్టే చిన్న గిన్నె) లేకపోతే కొనండి, ఉంటే కొట్టే ముందు ప్రతిసారీ నీళ్లు వదలండి. ఇక్కడ వానాకాలంలో ఆ చిన్న గిన్నె ఎంత తొందరగా నిండుతుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది.

కంచరపాలెం_కుర్రాడు:
టేప్ తీసేటప్పుడు ఎలా తీయాలి? పైకి లాగాలా?

ఎన్ఏడీ_ఎయిర్‌బ్రష్:
పైకి లాగకు. టేపుని దాని మీదికే మడిచి, ఉపరితలానికి దాదాపు ఆనించి, నెమ్మదిగా వెనక్కి లాగు. నలుపు చేతికి అంటనంత ఆరగానే తీసెయ్యి, పూర్తిగా గట్టిపడేదాకా ఆగకు. రంగు టేప్ మీదా బాడీ మీదా ఒకే పొరలా గట్టిపడితే తీసేటప్పుడు అంచు పెచ్చులు పెచ్చులుగా విరుగుతుంది. అంటే కింది రంగు బాగా ఆరాలి, పై రంగు ఎక్కువ ఆరకూడదు. కొత్తవాళ్లు సరిగ్గా తిరగేసి చేస్తారు, కింది రంగుకి తొందరపడతారు, పై రంగుకి ఓపిక పడతారు.

టేప్ అంటించే ముందు అరచేతి వెనక ఒకసారి అంటించి తీస్తే జిగురు తగ్గుతుంది అంటారు, మన చెమట చేతులకి అది వద్దు, గాజు పలక మీద అంటించి తీయండి.

యార్డ్_మాస్టారు:
బాబూ భీమిలీ, కింది రంగు విషయంలో ఒక మాట. బీచ్‌లో ఉన్న కురుసురని చూసి రంగు కలుపుకుంటాను అంటావేమో. వెళ్లి చూడు, తప్పకుండా చూడు, ఆకారానికి అంతకంటే మంచి రిఫరెన్స్ దొరకదు, ప్రపంచంలో చాలామంది మోడలర్లకి ఇంత దగ్గరగా ఫాక్స్‌ట్రాట్ (కురుసుర రకం సబ్‌మెరైన్) చూసే అవకాశం లేదు. కానీ అది 2001లో సర్వీసు నుంచి తప్పుకుని 2002లో మ్యూజియం అయింది. ఉప్పు గాలిలో ఇనుము నిలవాలంటే మళ్లీ మళ్లీ పెయింట్ వేయాల్సిందే. ఇప్పుడు కనపడే రంగు మ్యూజియం రంగు. 1969లో నేవీలోకి వచ్చినప్పటిదో, సముద్రంలో తిరిగేటప్పటిదో కావాలంటే పాత ఫోటోలు వెతుక్కో. నువ్వు ఏ కాలపు కురుసుర కడుతున్నావో ముందు అనుకో.

భీమిలి_బోట్స్:
మ్యూజియం కురుసురే కడుతున్నాను మాస్టారూ. చిన్నప్పటి నుంచి చూసింది అదే, బేస్ మీద ఇసుక కూడా వేద్దామని ఉంది. అయితే అక్కడికి వెళ్లి ప్రతి పక్క నుంచీ ఫోటోలు తీసుకుంటాను.

డ్రాఫ్ట్ అంకెలు (ఓడ ఎంత లోతు మునిగిందో చూపేవి), వాటిని కూడా మాస్క్ చేయాలా? స్టెన్సిల్ కోసుకోవాలా?

యార్డ్_మాస్టారు:
వద్దు. సరుకు ఓడల లెక్క చెప్తాను, నీకే అర్థమవుతుంది. మెట్రిక్ డ్రాఫ్ట్ అంకె ఎత్తు 10 సెంటీమీటర్లు, 350 స్కేల్‌కి మిల్లీమీటర్‌లో మూడో వంతు కూడా రాదు. లోడ్ లైన్ గుండ్రం (ఎంతవరకు సరుకు నింపొచ్చో చూపే గుర్తు) బయటి వ్యాసం 300 మిల్లీమీటర్లు, అది నీ స్కేల్‌కి ఒక మిల్లీమీటరు లోపే, సబ్‌మెరైన్‌కి అది ఉండదనుకో. అంత చిన్నవాటికి ఏ టేపూ పనికిరాదు, డెకాల్ (నీళ్లలో నానబెట్టి అంటించే పలచటి స్టిక్కర్) వేయాలి. అసలు ఓడ మీద కూడా ఆ అంకెలు ప్లేటు మీద వెల్డింగ్‌తో గుర్తులుగా ఉంటాయి, పెయింటర్ వాటిని బ్రష్‌తో నింపుతాడు. ఎక్కడ మాస్క్ వేయాలో తెలిసినంతగా ఎక్కడ వేయక్కర్లేదో కూడా తెలియాలి.

ఎప్పుడైనా జల ఉష కట్టు బాబూ. 1948 మార్చి 14న నెహ్రూగారు మన వైజాగ్‌లోనే నీళ్లలోకి దింపారు, స్వతంత్ర భారతంలో కట్టిన మొదటి పెద్ద స్టీమర్. మంచి సరుకు ఓడ, వాటర్‌లైన్ దగ్గర బూట్ టాప్ పట్టీతో (రెండు రంగుల మధ్య వేరే రంగు పట్టీతో) సహా వేస్తే రెండు గీతల మాస్కింగ్ నేర్చుకుంటావు.

మాధవధార_మినియేచర్స్:
మాస్టారు చెప్పిన ఎక్కడ వేయక్కర్లేదో అన్న మాట పట్టుకుని నాది ఒకటి. టార్పెడోలు, మిస్సైళ్లు, డ్రాప్ ట్యాంకులు, వీటి చుట్టూ రంగు పట్టీలు ఉంటాయి కదా, వాటికి టేప్ చుట్టి ఎన్నో గంటలు వృథా చేస్తుంటారు. ఏటికొప్పాకలో లక్క బొమ్మలు చేసేవాళ్లని చూడండి. అంకుడు కర్రని లేత్ మీద తిప్పుతూ లక్క కడ్డీ ఆనిస్తారు, రాపిడి వేడికి లక్క కరిగి పట్టుకుంటుంది, ఎరుపు పక్కన పసుపు వచ్చినా మధ్య గీత కత్తితో కోసినట్టు ఉంటుంది, ఒక్క ముక్క టేప్ లేదు. వస్తువు తిరుగుతుంటే చెయ్యి కదలక్కర్లేదు, అందుకే గీత తిన్నగా వస్తుంది.

అది చూశాకే నేను టార్పెడోని టూత్‌పిక్‌కి గుచ్చి, చిన్న మోటారు డ్రిల్‌కి బిగించి బాగా నెమ్మదిగా తిప్పుతూ సన్న బ్రష్ ఆనించడం మొదలుపెట్టాను. రంగు కొంచెం చిక్కగా ఉండాలి, చేతిని బల్లకి ఆనించాలి. స్పీడ్ తగ్గించడం కుదరని డ్రిల్ అయితే వద్దు, రంగు చిమ్ముతుంది, చేతితోనే తిప్పుకోండి. ఫాక్స్‌ట్రాట్‌కి ముందు ఆరు, వెనక నాలుగు టార్పెడో గొట్టాలు ఉంటాయి, భీమిలి గారు డిస్‌ప్లేలో పక్కన ఒక టార్పెడో పెడితే దాని మీద ఇది ప్రయత్నించండి.

హైదరాబాద్_హ్యాంగర్:
ఇది నిజంగా బాగుంది మేడం. నేను 144 స్కేల్‌లో మీ బీచ్‌లోనే ఉన్న టు-142 విమానం మొదలుపెడుతున్నాను, నాలుగు ఇంజన్లు, ఒక్కోదానికి ఎదురెదురుగా తిరిగే రెండు ప్రొపెల్లర్లు, ఒక్కో ప్రొపెల్లర్‌కి నాలుగు రెక్కలు, మొత్తం 32 రెక్కల చివర్లు. స్పిన్నర్లకి (ప్రొపెల్లర్ మధ్యలోని టోపీలకి) ఈ తిప్పే పద్ధతి పనికొస్తుంది. రెక్కల చివర్లకి ఎలా చేస్తారు మీరు?

మాధవధార_మినియేచర్స్:
చివర రంగు ముందు, అంటే 32 చివర్లకీ ముందు తెలుపు, దాని మీద మీకు కావాల్సిన చివరి రంగు. తెలుపు లేకుండా పసుపు గాని, మెరిసే ఎరుపు గాని వేస్తే మాసినట్టు ఉంటుంది. ఆరాక ఒకే వెడల్పు టేప్ ముక్కల్ని చివర్ల మీద మడిచి మూసి, మిగతా రెక్కకి రంగు వేయండి. అన్నీ ఒకే పొడవు రావాలంటే కళ్లతో చూసి అంటించకండి, కాగితం మీద గుండ్రం గీసి మధ్యలో ప్రొపెల్లర్ పెట్టి, గుండ్రం రెక్కని ఎక్కడ తాకితే అక్కడ టేప్ అంచు పెట్టండి.

కంచరపాలెం_కుర్రాడు:
కాక్‌పిట్ అద్దాలకి ఏం చేస్తారు? కొన్న మాస్కులు చాలా ఖరీదు. ఒకాయన ఫెవికాల్ పూసి తీసేయొచ్చు అన్నారు.

ఎన్ఏడీ_ఎయిర్‌బ్రష్:
ఎడ్యువార్డ్ వాళ్ల రెడీ కట్ మాస్కులు నిజంగా ప్రాణాలు కాపాడతాయి, అద్దాలు ఎక్కువ ఉన్న పెద్ద విమానానికి డబ్బు పెట్టొచ్చు. ఫైటర్‌కి అక్కర్లేదు. టేపుని అద్దం మీద పరిచి, టూత్‌పిక్‌తో ఫ్రేమ్ అంచుల వెంట రుద్దితే గీత తేలుతుంది, కొత్త సర్జికల్ బ్లేడ్‌తో బరువు పెట్టకుండా ఆ గీత వెంట లాగు. టేపు మాత్రమే తెగాలి, ప్లాస్టిక్ మీద గీత పడకూడదు. ఒకే ముక్క పెద్ద అద్దం మొత్తం కప్పకపోతే చుట్టూ అంచులకి సన్న పట్టీలు వేసి మధ్యలో లిక్విడ్ మాస్క్.

ఒకటి గుర్తుపెట్టుకో, ఫ్రేమ్‌ల మీద ముందు కాక్‌పిట్ లోపలి రంగు కొట్టి, ఆ తర్వాత బయటి రంగు కొట్టాలి. అద్దంలోంచి చూసేవాడికి ఫ్రేమ్ లోపలి వైపు కనపడుతుంది, అక్కడ బయటి రంగు కనపడితే తేడాగా ఉంటుంది. బీచ్‌లో సీ హారియర్ యుద్ధ విమానం కూడా పెట్టారు కదా, దాని కనోపీ (కాక్‌పిట్ అద్దం మూత) మీద తెల్లటి సన్న తీగ వంకరటింకరగా పోతుంది, అది అత్యవసరంలో అద్దం పగలగొట్టే పేలుడు తీగ. దాన్ని మాస్క్ చేయాలని చూడకండి, డెకాల్ ఉంటే డెకాల్, లేకపోతే సన్న బ్రష్.

ఫెవికాల్ పనిచేస్తుంది, చిన్న గుండ్రటి కిటికీల లోపలికి చుక్క వేసుకోవడానికి మాత్రమే. ఆరేటప్పుడు ముడుచుకుంటుంది కాబట్టి పదునైన అంచు రాదు.

భీమిలి_బోట్స్:
పని అయింది, ఫోటోలు పెట్టాను. గ్రానైట్ గట్టు మీద పెన్సిల్ తిప్పి గీత గీసి, ఒక మిల్లీమీటరు పట్టీలు దాని వెంట వేసి, వెనక వెడల్పు టేప్, కాగితం. అంచు మీద మళ్లీ ఎరుపు, తర్వాత నలుపు. మధ్య భాగం అంతా కోరుకున్నట్టే వచ్చింది. ఎడమ పక్క ప్రొపెల్లర్ షాఫ్ట్ దగ్గర మాత్రం చీమ తలంత నలుపు కిందకి దిగింది. టచప్ చేయాలా, ఎరుపు మళ్లీ మాస్క్ చేసి కొట్టాలా?

ఎన్ఏడీ_ఎయిర్‌బ్రష్:
ఫోటో చూశాను, చాలా బాగుంది తమ్ముడూ, ముక్కు దగ్గర గీత చూస్తే ఆనందంగా ఉంది. అంత చిన్నదానికి మళ్లీ మాస్క్ వద్దు. నలుపు ఇంకా కొత్తగానే ఉంది కాబట్టి టూత్‌పిక్ మొనని థిన్నర్‌లో తడిపి, కాగితం మీద ఒత్తి ఆరబెట్టినంత చేసి, గీత వైపు నుంచి కిందికి నెమ్మదిగా గీకు. కింద ఎరుపు బాగా ఆరి ఉంది కాబట్టి తట్టుకుంటుంది. మిగిలితే సన్న బ్రష్‌తో ఎరుపు చుక్క. అంచు దగ్గర వేలికి గట్టు తగిలితే 2000 నంబరు సాండ్‌పేపర్ నీళ్లలో తడిపి గీత వెంటే తేలిగ్గా తిప్పు, అడ్డంగా కాదు.

కంచరపాలెం_కుర్రాడు:
చివరిగా ఒకటి అన్నా. క్లబ్‌లో టేప్ వేసి సెలవులకి వదిలేసిన మోడల్ ఒకటి ఉంది, టేప్ తీస్తే జిగురు అంతా అంటుకుపోయింది. థిన్నర్ పెడితే రంగు పోతుందేమో అని టెన్షన్‌గా ఉంది.

మాధవధార_మినియేచర్స్:
థిన్నర్ వద్దు నాన్నా. ముందు కొత్త టేప్ ముక్కతో తట్టి తట్టి తీయి, చాలావరకు జిగురు జిగురుకే అంటుకుని వస్తుంది. మిగిలింది లైటర్లలో పోసే ఫ్లూయిడ్ ఇయర్‌బడ్‌కి కొంచెం అద్ది, అడుగున కనపడనిచోట ముందు పరీక్షించి, తుడువు. కింద ఎనామెల్ రంగైతే ఫ్లూయిడ్ కూడా జాగ్రత్త, అది ఎనామెల్‌ని మెత్తబరచొచ్చు. ఇకనుంచి వేసిన రోజే టేప్ తీసేయమని క్లబ్‌లో అందరికీ చెప్పు, మన ఉక్కకి జిగురు రాత్రికే దిగిపోతుంది.